గొంతు లేని ఆరు వారాలు

బి.ఏ. ఆఖరి సంవత్సరం వాళ్ళకు సమాజశాస్త్రం పాఠం చెబుతుండగా, ఒక వాక్యం మధ్యలో నా గొంతు పోయింది. బొంగురుపోవడం కాదు, పూర్తిగా పోయింది. నోరు కదులుతోంది, గాలి వస్తోంది, మాట రావడం లేదు. మొదటి బెంచీలో అమ్మాయి పెన్ను ఆపి తలెత్తి చూసింది. నీళ్ళు తాగాను, దగ్గాను, మళ్ళీ ప్రయత్నించాను. ఎండు కొబ్బరిమట్టను నేల మీద ఈడ్చినట్టు ఒక చప్పుడు వచ్చింది. అంతే.

ఉన్నట్టుండి వచ్చిన రోగమేమీ కాదు. మా కాలేజీ పాత బస్తీలో ఉంది. నా క్లాసు గది రోడ్డు వైపు. కిటికీ కింద పెళ్ళి బ్యాండు వాళ్ళ షాపు. మూఢం రోజుల్లో తప్ప పొద్దున పదకొండు దాటిందంటే బాకాలు మొదలవుతాయి. వాటికి తోడు ఆటోలు, హారన్లు, టకటకమనే పాత ఫ్యాను, డెబ్బై మంది పిల్లలు. పద్దెనిమిదేళ్ళుగా నేను పాఠం చెప్పడం లేదు, అరుస్తున్నాను. ఇంట్లో ఉప్పు అందించమని అడిగినా మావారు ఉలిక్కిపడేవారు. "పక్కనే ఉన్న గదా, ఎందుకంత గట్టిగ?" అనేవారు.

సంతోష్‌నగర్‌లో మా ఇంటికి దగ్గరలోనే ఉన్న గొంతు డాక్టరు సన్నటి గొట్టం లోపలికి పంపి చూశాడు. స్వరతంతువుల మీద రెండు వైపులా చిన్న చిన్న కాయలు.

"గివి ఎవరికి వస్తయో ఎర్కనా మేడమ్? మీ లెక్చరర్లకు, బండి మీద ఉల్లిగడ్డలు అమ్మేటోళ్ళకు," అన్నాడు. "ఆరు వారాలు మాట్లాడొద్దు. గుసగుసలు గూడ వద్దు. గుసగుస ఇంకా చెడ్డది."

క్లాసులున్నాయని కాగితం మీద రాసి చూపించాను.

"గొంతుంటే క్లాసులుంటయి," అని ఆ కాగితం నాకే తిరిగి ఇచ్చాడు.

మా శాఖాధిపతి మెత్తని మనిషి, రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నాడు. నేను రాసిచ్చింది రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సెమిస్టరు సగంలో ఉంది, నా పేపరు చెప్పడానికి ఇంకో మనిషి లేరు. "సెలవు పెడితే పిల్లలు ఆగమైతరమ్మా. ఊకె వచ్చి కూసో. బోర్డు మీద రాయి. ఎట్లనో అట్ల గడుస్తది," అన్నాడు. మర్నాటి నుంచి తన ఫ్లాస్కులో మిరియాల కషాయం తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. అది తాగలేక తాగేదాన్ని.

మొదటి రోజు నలభై నిమిషాలు బోర్డు మీద రాశాను. వాళ్ళూ రాసుకున్నారు. వెనక్కి తిరిగి రాస్తుంటే మాటలు మొదలయ్యేవి. తిరిగి చూస్తే ఆగేవి. బల్ల మీద డస్టరు కొట్టాను. సుద్దపొడి లేచి నాకే దగ్గు వచ్చింది.

మూడో రోజు చివరి బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి నిలబడింది. లాల్‌దర్వాజా పిల్ల. తండ్రి కరెంటు ఆఫీసులో లైన్‌మన్. నేను పుట్టి పెరిగింది కూడా లాల్‌దర్వాజాలోనే. వాళ్ళ ఇల్లు మా పాత ఇంటికి రెండు గల్లీల అవతల. క్లాసులో ముచ్చట్లు పెడుతోందని ఆ ఏడాది ఆమెను కనీసం నాలుగుసార్లు బయటికి పంపించి ఉంటాను.

"మేడమ్, మీరు రాసుడు, మేం రాసుడు, గిట్లయితే చేతులు గూడ పోతయ్," అంది. "నేను సదువుతా?"

సరేనని తలూపాను. ముందుకొచ్చి బోర్డు మీదిది గట్టిగా చదవడం మొదలుపెట్టింది. "సామాజిక స్తరీకరణ అనగా..." అని రెండు వాక్యాలు చదివి ఆగింది. క్లాసు వైపు తిరిగి, "ఎవలకన్న సమజైందా? నాకైతే కాలే," అంది. క్లాసంతా నవ్వింది. నేను చెయ్యెత్తాను ఆపమని. ఆమె నా చెయ్యి చూడలేదు. చూడమని చెప్పడానికి నాకు గొంతు లేదు.

"ఆగుండ్రి, నేను చెప్త," అంది. "బోనాలప్పుడు మా గల్లీల అందరం బోనాలెత్తుకొని ఒక్క లైన్లనే పోతం గదా. కానీ ఎవరింటి బోనం ముందుగాల పోవాల్నో అందరికి ఎర్కనే. ఎవ్వలు చెప్పరు, ఎవ్వలు అడగరు. మా నాయనమ్మ ఎన్నడు ముందుకు పోలే. చిన్నగున్నప్పుడు నేను ఉరికి ముందు నిలబడితే చెయ్యి వట్టి ఎన్కకు గుంజింది. గీ స్తరీకరణ అంటే గదే అనుకుంటున్న."

కిటికీ పక్కన కూర్చున్న జహనుమా బస్తీ కుర్రాడు, "మా దిక్కు గూడ ఉంటది. దావత్‌ల తినేతందుకు పరిచిన ఫస్ట్ దస్తర్‌ఖాన్ మీద ఎవరు కూసుంటరో, బెల్లం కొట్టిన రాయి లెక్క ఎవరు ఆగి చూడాల్నో," అన్నాడు. ఇంకెవరో అందుకున్నారు. నేను బల్ల పక్కన నిలబడ్డాను, చేతిలో సుద్దముక్కతో.

నిజం చెప్పాలి, నాకు ముందు సంతోషం కలగలేదు. కోపం వచ్చింది. పద్దెనిమిదేళ్ళు నేను చెప్పిన నిర్వచనాన్ని ఈ పిల్ల పక్కకు నెట్టి, తన ఇంటి ముచ్చట పెడితే డెబ్బై మందీ నోరు తెరుచుకొని వింటున్నారు. నేను కూడా అదే వరసలో మా అమ్మ కొంగు పట్టుకొని నడిచినదాన్నే. ఒక్క రోజు ఆ మాట క్లాసులో అనలేదు. అనాలని తోచనే లేదు. లాల్‌దర్వాజా నుంచి యూనివర్సిటీ దాకా వచ్చిన దారంతా, నా మాటలోంచి లాల్‌దర్వాజాను తుడిచేసుకుంటూ వచ్చినదాన్ని.

కోపం దిగాక బోర్డు మీద ఒక ప్రశ్న రాశాను. "ఎవరూ చెప్పకపోతే మీ నాయనమ్మకు ఎలా తెలిసింది?"

ఆ అమ్మాయి చదివింది. "అడిగొస్త మేడమ్," అంది.

మర్నాడు అడిగే వచ్చింది. "పెండ్లయిన కొత్తల మా నాయనమ్మ ఒక్కసారి ముందు నిలబడ్డదంట. ఎవ్వలు ఏమనలేదంట. ఊకె చూసిండ్రంట. గంతే. మళ్ళ ఎన్నడు నిలబడలేదంట." చెప్పి, తన బెంచీకి పోకుండా అక్కడే నిలబడింది. కింద బ్యాండు వాయిస్తూనే ఉంది.

ఆ రోజుల్లో కాలేజీ నుంచి ఇంటికొచ్చాక నాకు చేయడానికి ఏమీ ఉండేది కాదు. ఫోను మాట్లాడేది లేదు. అందుకని ఎప్పటి నుంచో పక్కన పడేసిన పని పట్టుకున్నాను. నా పరిశోధన రికార్డింగులు విని, మాట పొల్లుపోకుండా కాగితం మీద పెట్టడం.

ఎవరూ పనిగా లెక్కలోకి తీసుకోని ఆడవాళ్ళ పనుల మీద అప్పటికి రెండేళ్ళుగా పరిశోధన చేస్తున్నాను. అందులో భాగంగా ప్రతి శనివారం మధ్యాహ్నం జహనుమాలో ఒక పెద్దావిడ దగ్గరికి పోయేదాన్ని. గల్లీ అంతా ఆమెను ఖాలా అని పిలుస్తుంది, అంటే పిన్ని అని. నేనూ అలాగే పిలిచేదాన్ని. ముస్లింల ఇళ్ళలో ఆడమనిషి చనిపోతే ఆఖరి స్నానం ఆడవాళ్ళే చేయించాలి. దాన్ని గుసుల్ అంటారు. ఆ చుట్టుపక్కల గుసుల్‌కు ఖాలానే పిలుస్తారు. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. పొట్టి మనిషి, చేతులు మాత్రం బలంగా ఉంటాయి. మా తెలుగు, తన దక్కనీ కలిపి మాట్లాడుతుంది.

నా దగ్గర ముప్పై రెండు ప్రశ్నల జాబితా ఉండేది. దానికి ఆమె జవాబులు ఇలా ఉండేవి.

"మొదట్లో భయం వేసేదా ఖాలా?"

"లే."

"ఆ పని చేస్తుంటే ఏమనిపిస్తుంది?"

"ఏమనిపిస్తది. పని."

"ఇంటికొచ్చాక?"

"తానం చేస్త. తింట."

ఆమె మాట్లాడే మనిషి కాదని నా నోట్సులో రాసుకున్నాను. ఇప్పుడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని వింటుంటే, రికార్డింగులో సగానికి పైగా వినిపించేది నా గొంతే. ఒకచోట ఖాలా, "ఒక్కసారి ఏమైందంటే..." అని ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆ ఖాళీలోకి నేను దూరాను. "అంటే, మీకు బాధగా ఉంటుందా?" అని అడిగాను. "లే," అంది ఆమె. అంతటితో ఆ ముచ్చట పోయింది. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. ఇంకో రికార్డింగులో కూడా అదే. ఆమె ఆగిన చోటల్లా నేను దూరుతున్నాను, బస్సు ఆగకముందే ఎక్కేవాళ్ళ లాగ. రెండేళ్ళలో ఆ "ఒక్కసారి" తర్వాత ఏముందో నేను వినలేదు.

మూడో వారం శనివారం ఆటో ఎక్కి జహనుమా వెళ్ళాను. ఇంటర్వ్యూకు కాదు. ప్రతి శనివారం వస్తానని మాటిచ్చి రెండు వారాలు పోలేదు, ఫోను చేయడానికి గొంతు లేదు. అందుకని కాగితం మీద రాసుకొని వెళ్ళాను. రికార్డరు తీసుకుపోలేదు.

ఖాలాకు చదువు రాదు. ముందు గదిలో కుట్టుమిషను మీద ఉన్న ఆమె కోడలు నా కాగితం చదివి వినిపించింది. "డాక్టరు ఆరు వారాలు మాట్లాడొద్దన్నారు. అందుకే రాలేకపోతున్నాను. చెప్పి పోదామని వచ్చాను."

"చెప్పి పోదామని వచ్చినవా?" ఖాలా నవ్వింది. "ఎట్ల చెప్తవ్?"

నన్ను మంచం మీద కూర్చోబెట్టింది. లోపలికి పోయి స్టీలు గ్లాసులో నీళ్ళు కాచి తెచ్చింది. "ఇగో నీళ్ళు. గోరువెచ్చగున్నయ్. జర జర తాగు. కాలయ్," అంది. నేను ఒక గుక్క తాగాను. తల పైకెత్తి గోడకు ఆనించమంది. మెడ కింద తన చున్నీ మడిచి పెట్టింది. "ఇగో, మెడ కింద పెడుతున్న. గిట్ల పెట్టుకో, మంచిగుంటది." తర్వాత నా ఎదురుగా పీట మీద కూర్చొని అంది: "పరేషాన్ గాకు బేటీ. జవాబియ్యనోళ్ళతోని మాట్లాడుడు నాకు అలవాటే."

నేను అర్థంకాక చూశాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మధ్యమధ్య ఆగింది. ఆగినప్పుడు నేను ఏమీ అనలేదు. అనలేను.

"గుసుల్ ఇస్తుంటే దువా తప్ప వేరే మాట వద్దంటరు పెద్దోళ్ళు. నిజమే. నేను లోపల్లోపలనే అంట, పెదవులు గూడ కదలయ్. అమ్మా, నీళ్ళు పోస్తున్న, వెచ్చగనే ఉన్నయ్. కుడిచెయ్యి లేపుతున్న. జర ఒరుగు, అయిపోయింది, అయిపోయింది. గిట్ల. చిన్నపిల్లకు తానం పోసినట్టు. వాళ్ళకు ఇనవడతదో లేదో నాకెట్ల తెల్వాలె? కానీ చెప్పకుండ మనిషి మీద చెయ్యి వెయ్యబుద్ధి కాదు."

మొదట్లో ఆమెకు ఆ పని రాదట. ఎవరూ నేర్పలేదు.

"మా అత్త ఉండె. ఆమెకు నాకు పడకపోయేది. ఒక్కసారి ఏమైందంటే, నేను వండిన సాలన్ ఆమె గల్లీల పారబోసింది, అందరు చూస్తుండంగ. ఆ రోజుకెళ్ళి నేను ఆమెతోని మాట్లాడలే. ఒక్క ఇల్లే, ఒక్క పొయ్యే. పదేండ్లు. ఏమన్న చెప్పాల్నంటే పిల్లల్ని మధ్యల పెట్టి చెప్పేదాన్ని. ఆమె గూడ గంతే. ఒక వానకాలంల ఆమె పానం పోయింది. మా దిక్కు గుసుల్ ఇచ్చేటామె బిడ్డ దగ్గరికి ఊరికి పోయింది. వాన ఆగలే. వేరే ఎవ్వలు దొరకలే. ముసలామె ఒకామె వచ్చి గుమ్మంల కూసొని, నాకు చేతులు వణుకుతయ్, నేను చెప్త, నువ్వు చెయ్యమన్నది."

నేను గ్లాసు పట్టుకొని కూర్చున్నాను.

"పరదా కట్టిన్రు. లోపల నేను, ఆమె. మొదటి చెంబు పోసిన. నా నోట్లకెళ్ళి వచ్చింది, అమ్మా, నీళ్ళు వెచ్చగున్నయా అని. పదేండ్ల తర్వాత అదే ఫస్ట్ మాట. ఇగ ఆగలే. సాలన్‌ల ఉప్పు నిజంగనే ఎక్కువైందమ్మా అన్న. నీ కొడుకు నన్ను కొట్టినప్పుడు నువ్వు అడ్డం వచ్చినవ్, అది నాకు యాదికున్నది అన్న. తల దువ్వుకుంట, నీ ఎంటికెలు గింత మెత్తగుంటయని నాకు తెల్వదు అన్న. బయట ముసలామె ఏందమ్మా లోపల లొల్లి అన్నది. దువా సదువుతున్న అన్న."

అది చెప్పి ఖాలా నవ్వింది. కళ్ళు తుడుచుకోలేదు, తడి కూడా లేదు. నాకే కళ్ళు నిండాయి. ఆ తర్వాత పిలిచిన ఇంటికల్లా పోవడం మొదలుపెట్టిందట. పోయినచోటల్లా లోపల్లోపల మాట్లాడుతూనే ఉందట.

అప్పుడు గమనించాను, ముందు గదిలో కుట్టుమిషను ఆగి చాలాసేపయింది. కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. "మా అత్త గీ ముచ్చట నాకు గూడ ఎన్నడు చెప్పలే మేడమ్," అంది మెల్లగా.

నాకు అప్పుడొక అనుమానం వచ్చింది. నీళ్ళు వెచ్చగా ఉన్నాయని చెప్పడం, మెడ కింద గుడ్డ పెడుతున్నానని చెప్పడం. గ్లాసు వైపు, నా మెడ వైపు వేలు చూపించి, ఏంటిది అన్నట్టు కళ్ళెగరేశాను. ఖాలాకు అర్థమయ్యేసరికి కాస్త టైము పట్టింది. తర్వాత ఆమె నవ్విన నవ్వుకు పెరట్లో కోళ్ళు చెదిరిపోయాయి. "ఫికర్ చెయ్యకు, నువ్వింక బతికే ఉన్నవ్," అంది. నేను చప్పుడు లేకుండా నవ్వాను. నవ్వుకు కూడా గొంతు కావాలని అప్పుడే తెలిసింది.

మిగిలిన శనివారాలన్నీ వెళ్ళాను. ఇద్దరం కూర్చొని ఎల్లిగడ్డలు ఒలిచేవాళ్ళం. ఆమె ఏదో ఒకటి చెప్పేది. ఎవరింటికి గుసుల్‌కు పోయిందో, అక్కడ చనిపోయినామె ఎలా ఉందో. ఇంటికొచ్చి గుర్తున్నంత వరకు నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఎందుకు రాసుకుంటున్నానని నన్ను నేను ప్రశ్నించుకోలేదు. అలవాటు.

ఆరు వారాలయ్యాక డాక్టరు మళ్ళీ గొట్టం పెట్టి చూసి, "ఇప్పుడు చిన్నగ మాట్లాడుండ్రి," అన్నాడు. వచ్చిన గొంతు పాత గొంతు కాదు. లావుగా, మెత్తగా, ఎవరో అత్తయ్య గొంతులా ఉంది. క్లాసులో మొదటి మాట అనగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. అన్ని రోజులూ ముందు బెంచీలో కూర్చున్న లైన్‌మన్ కూతురు తన పుస్తకాలు తీసుకొని చివరి బెంచీకి పోబోయింది.

"ముందు బెంచీలోనే కూర్చో," అన్నాను.

"వద్దు మేడమ్, ముందు కూసుంటే నిద్ర వోతందుకు రాదు," అంది. పోయింది. కానీ అప్పటి నుంచి వారానికో క్లాసు చెప్పుకోమని పిల్లలకే ఇచ్చాను. ఆ రోజు నేను వెనక బెంచీలో ఆమె పక్కన కూర్చునేదాన్ని. నిజంగానే అక్కడ నిద్ర వస్తుంది.

ఆ శనివారం ఖాలా దగ్గరికి గొంతుతో వెళ్ళాను. నోటుబుక్కు కూడా తీసుకుపోయాను. నేను మాట్లాడలేనప్పుడు ఆమె చెప్పినవి రాసుకున్నానని, అవి నా వ్యాసంలో పెట్టొచ్చా అని అడిగాను. అడిగి, ఆపాను. పెదవులు బిగించుకొని కూర్చున్నాను. అది నాకు ఎంత కష్టమో ఆమెకు తెలిసినట్టే ఉంది.

"మా అత్తతోని మాట్లాడిన ముచ్చట రాయి," అంది చాలాసేపటికి. "గది నాది. మిగిలినోళ్ళది రాయకు."

"పేర్లు రాయను ఖాలా. ఎవరో ఎవరికీ తెలియదు."

"పేరు సంగతి కాదు బేటీ. నన్ను అడిగినవ్, నేను రాయమన్న. వాళ్ళను ఎట్ల అడుగుతవ్?"

పరిశోధనలో సమ్మతి పత్రాల గురించి నేను విద్యార్థులకు ఒక యూనిట్ మొత్తం చెబుతాను. ఈ ప్రశ్న ఆ యూనిట్‌లో లేదు.

వ్యాసంలో అత్త ముచ్చట ఒక్కటే పెట్టాను. పంపిన పత్రిక వాళ్ళు తిప్పి పంపారు. విషయం బాగుందిగానీ ఇలాంటి ఉదాహరణలు ఇంకొన్ని కావాలన్నారు. నా బల్ల సొరుగులో నోటుబుక్కు నిండా ఉన్నాయి. రెండు రోజులు దాన్ని తీస్తూ పెడుతూ గడిపాను. మూడో రోజు ఆ పేజీలు చింపేశాను. అబద్ధమెందుకు, ఒక్కో పేజీ ఇంకోసారి చదివాకే చింపాను. ఎందుకు ఇవ్వలేనో రాసి పంపితే, క్షమించమంటూ వాళ్ళు వ్యాసాన్ని వద్దనేశారు. ఏడాది తర్వాత ఇంకో చిన్న పత్రికలో వచ్చింది. మా శాఖాధిపతి రిటైరయ్యేలోపే ఆ అచ్చయిన ప్రతి చదివాడు. "చిన్నగుంది," అన్నాడు. నా చేతికి తిరిగి ఇస్తూ, "మంచిగుంది," అన్నాడు.

ఆ ప్రతినే ఖాలాకు కూడా తీసుకెళ్ళి ఇచ్చాను. అత్త ముచ్చట ఉన్న రెండు పేజీలూ కోడలు చదివి వినిపించింది. ఖాలా కళ్ళు మూసుకొని వింది. చివర్లో, "ఉప్పు సంగతి గూడ రాసినవా?" అని మాత్రం అడిగింది. రాశానన్నాను.

ఈ ఏడాది వేసవిలో ఆమె మనవరాలు ఇంటర్ పాసైంది. డిగ్రీ అప్లికేషన్ నింపడానికి నన్ను రమ్మన్నారు. మంచం మీద ఫోను పెట్టుకొని ముగ్గురం కూర్చున్నాం. ఏ సబ్జెక్టులు పెట్టమంటావని పిల్లను అడిగితే, సోషియాలజీ అంటూ నా వైపు చూసింది. నాకు లోపల పొంగింది.

ఖాలా పక్కనుంచి అడ్డొచ్చింది. "ఏం పని ఉంటది దాంట్ల?"

"మేడమ్ చేసే పనే దాదీ."

ఖాలా నన్ను పైనుంచి కిందికి చూసింది. "మస్తు కష్టం," అంది మనవరాలితో. "అడుగుడు అయిపోయినంక నోరు మూసుకొని కూసోవాలె. నీతోని కాదు. మేడమ్‌ను కామర్స్ పెట్టుమను."

పిల్ల నా వైపు చూసింది. నేను పిల్ల వైపు చూశాను. సోషియాలజీ మొదట, కామర్స్ రెండో ఆప్షన్‌గా పెట్టి పంపించాం. ఖాలాకు చదవడం రాదు కాబట్టి, ఏది ముందు పెట్టామో ఆమెకు తెలియలేదు. ఆమె అడగలేదు, మేమూ చెప్పలేదు. సీటు కామర్స్‌లోనే వచ్చింది.